పదకొండు నెలల కాగితం మీద నడిచే బజారు

(హైదరాబాద్ కోఠిలో ఒక సాయంత్రం జరిగిన సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన సభల్లో ముందు వరస ఎప్పుడూ ఖాళీయే. మధ్యలో లేచి వెళ్ళిపోవడానికి వీలుండదని భయం. రండమ్మా, కూర్చోండి. మధ్యలో లేచినా నేనేమీ అనుకోను.

కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్ ప్రాంతాల్లోని చిన్న దుకాణాల గురించి, వాటివల్ల ఈ పేటలకు వచ్చిన గుర్తింపు గురించి మాట్లాడమన్నారు. ఈ మాట చెప్పగానే మీరు ఏమి ఎదురుచూస్తారో నాకు తెలుసు. ఇరానీ చాయ్, పాలరాతి బల్లలు, ఓరియెంట్ హోటల్లో కవుల కబుర్లు, ఆ రోజులే వేరు, ఇప్పుడేముంది... అంతే కదా? అవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. ఈ హాల్లో సగం మంది ఆ బల్లల దగ్గర కూర్చుని చదువులు పాడుచేసుకున్నవాళ్ళే. అందుకని ఆ జోలికి పోను. నేను ఇవాళ అద్దె గురించి మాట్లాడతాను. అద్దె కాగితం గురించి మాట్లాడతాను. వారం సెలవు గురించి మాట్లాడతాను. కొంచెం విసుగ్గానే ఉంటుంది, ముందే చెబుతున్నాను. కానీ పేట గుర్తింపు అని మనం మురిసిపోయేది ఈ విసుగు పుట్టించే కాగితాల మీదే ఆధారపడి ఉంది.

ముందు ఒక ప్రశ్న. ఆబిడ్స్‌కు ఆ పేరు ఎలా వచ్చింది? చెప్పండి, మొహమాటపడకండి. ఆ... సరిగ్గా చెప్పారు. దుకాణం పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఉండేవాడు. ఆయన ఇక్కడ ఒక దుకాణం పెట్టాడు. జనం ఆ చుట్టుపక్కలంతా ఆబిద్ పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. ఆబిద్ పోయాడు, దుకాణం పోయింది, ఆఖరికి నిజాం రాజ్యమే పోయింది. పేరు మాత్రం ఉంది. విశాఖపట్నంలో జగదాంబ కూడలి అంటే ఏమిటి? సినిమా హాలు. సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్‌ను పడగొట్టి ఏళ్ళు గడిచాయి, అయినా ఆ చౌరస్తాను సంగీత్ అనే అంటాం. ప్యారడైజ్ సంగతి చెప్పనవసరం లేదు. ప్రభుత్వాలు కూడళ్ళకు మహనీయుల పేర్లు పెడతాయి, పెద్ద పెద్ద బోర్డులు పెడతాయి. ఆటో ఎక్కి ఆ పేరు చెప్పి చూడండి. డ్రైవరు మీ ముఖం వంక చూస్తాడు. "అదే బాబూ, ఫలానా దుకాణం దగ్గర" అంటే అప్పుడు మీటరు వేస్తాడు. సరే, మీటరు వేయడు, ఆ విషయం వదిలేయండి.

ఇదంతా సరదాకి. అసలు ప్రశ్న వేరే ఉంది. దుకాణాలు ఒక చోటికి ఎందుకు చేరతాయి? చేరినవి ఎందుకు నిలుస్తాయి?

సుల్తాన్ బజార్‌నే తీసుకోండి. ఇవాళ చాకలి ఐలమ్మ పేరుతో ఉన్న మహిళా విశ్వవిద్యాలయం భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అని మీకు తెలుసు. అప్పటి రెసిడెంటు, అంటే నిజాం కొలువులో బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి, కిర్క్‌పాట్రిక్ కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టారు. దాని చుట్టూ పెరిగిన వీధులను రెసిడెన్సీ బజార్లు అనేవారు. ఇక్కడ అధికారం రెసిడెంటుది. నిజాం కొత్వాలు మాట ఈ వీధుల్లో చెల్లేది కాదు. మూసీకి అవతల నిజాం రాజధాని, ఇవతల ఈ చిన్న ముక్కలో వేరే పాలన. అప్పులిచ్చే షావుకారుకు ఏమి కావాలి? ఇచ్చిన సొమ్ము రాత్రికి రాత్రి ఎవరూ లాక్కోరన్న నమ్మకం కావాలి. ఏదైనా జరిగితే వెళ్ళి చెప్పుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ నమ్మకం కోసం మార్వాడీలు వచ్చారు, గుజరాతీలు వచ్చారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఎక్కడి నుంచి కాల్పులు జరిపారు? ఎదురుగా ఉన్న షావుకార్ల మేడల మీది నుంచి. రెసిడెన్సీ గోడను చూస్తూ మేడలు కట్టుకునేంతగా అప్పటికే బజారు స్థిరపడిందన్నమాట. 1933లో ఈ బజార్లను తిరిగి నిజాంకు అప్పగించారు. సుల్తాన్ బజార్ అన్న పేరు అప్పటిది.

దొరల చల్లని నీడలో బజారు వర్ధిల్లిందని నేను చెబుతున్నాననుకోకండి. వాళ్ళు వాళ్ళ లాభం చూసుకున్నారు, షావుకార్లు వీళ్ళ లాభం చూసుకున్నారు. నేను చెప్పేది ఇంతే. బజారు అందం చూసి రాలేదు. భరోసా చూసి వచ్చింది. ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, భరోసా చూసి వచ్చింది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బజారు వచ్చాక దాని వెంట ఇంకా చాలా వచ్చాయి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఎక్కడ మొదలైంది? ఇక్కడే, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. నైజాంలో తెలుగు గ్రంథాలయోద్యమానికి అది పునాది. వివేకవర్ధిని విద్యాసంస్థ ఎక్కడ ఉంది? ఇక్కడే. 1921లో ఆ వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. సభలో తెలుగుకు ఆ మర్యాద దక్కింది. బజారులో మాత్రం తెలుగు, మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, మార్వాడీ అన్నీ చెల్లుతాయి. గుజరాతీ గల్లీలో సేట్‌ను మీరు ఏ భాషలో ధర అడిగితే ఆ భాషలోనే ఎక్కువ చెబుతాడు. భాషాభేదం చూపించడు.

సరే, ఇప్పుడు ఒక దుకాణంలోకి వెళదాం. ఇక్కడ ఉన్న అమ్మలందరికీ తెలిసిన దుకాణం, అయ్యలందరూ బయట నిలబడి సంచీ పట్టుకునే దుకాణం. మ్యాచింగ్ సెంటర్. ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటుందేమో. లోపల మూడు గోడలకూ కిందినుంచి పైకప్పు దాకా తానులు. టూ బై టూ రూబియా, పాప్లిన్, లైనింగు గుడ్డ, ఫాల్స్. ఒకావిడ వచ్చి సంచీలోంచి చీర తీసి కొంగు బయటకు లాగుతుంది. ఏ రంగని దుకాణదారు అడగడు. ఒకసారి చూస్తాడు, అంతే. వెనక్కి తిరిగి, ఒకే రంగులా కనిపించే పది తానుల్లోంచి మూడు లాగి బల్ల మీద పడేస్తాడు. మనకు మూడూ ఒకటే. ఆయనకు ఒకటి ఉల్లిపొర, ఒకటి కనకాంబరం, ఒకటి ఆ రెండింటికీ మధ్యది. అప్పుడు ఏమంటాడు? అమ్మలు చెప్పండి. అదే! "బయట వెలుతురులో చూడండమ్మా." చీర కొంగు, తాను అంచు రెండూ పట్టుకుని ఆవిడ మెట్టు దిగి రోడ్డు మీదకు వస్తుంది, ఎందుకంటే ట్యూబులైటు రంగును మోసం చేస్తుంది. డబ్బు ఇవ్వకుండా సరుకు పట్టుకుని వీధిలోకి వెళ్ళిన మనిషి వంక దుకాణదారు కన్నెత్తి కూడా చూడడు, తర్వాతి ఆవిడ చీర చూస్తుంటాడు. ఆవిడ తిరిగి వస్తుంది. కొలబద్దతో కొలిచి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చింపి మడత పెట్టి ఇస్తాడు.

ఈ పనిని ఫోను చేయగలదా? చేయలేదు. తెర మీద కనకాంబరం వేరు, ఇంటికి వచ్చే కనకాంబరం వేరు. పెద్ద మాల్‌లో చేయగలరా? అక్కడ కిటికీయే ఉండదు, బయటకు తీసుకెళ్తే గుమ్మం దగ్గర గంట మోగుతుంది. అందుకే ఊళ్ళో ఎన్ని మాల్స్ వచ్చినా ఈ వీధికి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. జాకెట్టు గుడ్డ కోసం వచ్చినావిడ గాజులు కొంటుంది, చెప్పులు కొంటుంది, గోకుల్ చాట్‌లో ఏదో తింటుంది, పిల్లవాడికి పుస్తకం కొంటుంది. కోఠిలో పాఠ్యపుస్తకం కొనకుండా ఈ నగరంలో ఎవరైనా డిగ్రీ పూర్తి చేశారా? గోకుల్ చాట్ అన్నాను కాబట్టి చెబుతున్నాను, అక్కడ బాంబు పేలిన 2007 ఆగస్టు 25ను ఈ హాల్లో ఎవరూ మరిచిపోలేరు. ఆ దుకాణం మళ్ళీ తెరిచారు. జనం మళ్ళీ వచ్చారు. దాని గురించి ఇంకేమీ చెప్పను.

ఇప్పుడు ఆ మ్యాచింగ్ సెంటరు లెక్క చూద్దాం. ఇది ఫలానా దుకాణం లెక్క కాదు, ఊరికే ఒక ఉదాహరణ. జాకెట్టు ముక్క మీద ఇరవై రూపాయలు మిగులుతుందనుకోండి. నెలకు నలభై వేలు అద్దె అనుకోండి. అద్దె కట్టడానికే ఎన్ని ముక్కలు చింపాలి? రెండు వేలు. నెలకు ఇరవై ఆరు పనిదినాలైతే రోజుకు డెబ్బై ఏడు. డెబ్బై ఎనిమిదో ముక్క నుంచి కరెంటు బిల్లు, కుర్రవాడి జీతం, ఆ తర్వాత తన ఇల్లు. రేపు ఇంటి యజమాని అద్దె అరవై వేలు చేశాడనుకోండి. రోజుకు నూటపదహారు ముక్కలు. ఆ వీధిలో అంతమంది మనుషులు నడవవచ్చు, కానీ ఆ దుకాణంలో అన్నిసార్లు మెట్టు దిగి వెలుతురులో చూసి రావడానికి రోజులో సమయం ఉండదు. సరుకు మార్చాలి, లేదా దుకాణం మూయాలి. అదే అద్దెను మొబైల్ ఫోన్ల కంపెనీ షోరూము కళ్ళుమూసుకుని కడుతుంది. దానికి ఆ మల్గీలో, అంటే ఆ దుకాణం గదిలో, అమ్మకాలు జరగకపోయినా ఫరవాలేదు, బోర్డు కనిపిస్తే చాలు.

ఇంటి యజమానిని నేను తప్పుపట్టడం లేదు. ఆయనకూ ఇల్లు గడవాలి, పన్ను కట్టాలి, నలుగురు అన్నదమ్ముల వాటాలు పంచాలి. నేను అడిగేది, ఆ దుకాణదారు చేతిలో ఏముంది అని. ఏముంది? పదకొండు నెలల కాగితం ఉంది.

పదకొండు నెలలే ఎందుకు? చాలామందికి ఇది ఏదో ఆచారం అనుకునే అలవాటు. ఆచారం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠం ప్రకారం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయాలి. దానికి స్టాంపు సుంకం, ఫీజు, ఆఫీసు చుట్టూ తిరగడం. అందుకని అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. అది అయిపోతే మళ్ళీ పదకొండు. తాత కాలం నుంచి అదే మల్గీలో ఉన్న దుకాణానికి కూడా చట్టం దృష్టిలో ఉన్న ఆయుష్షు ఎప్పుడు చూసినా ఏడాది లోపే. అద్దె నియంత్రణ చట్టం లేదా అని అడుగుతారు. ఉంది, 1960 నాటిది. అద్దె ఒక పరిమితి దాటితే అది వర్తించదు. బజారు అద్దెలు ఆ పరిమితిని ఎప్పుడో దాటిపోయాయి.

ఆ కాగితం చేతిలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? కొత్త అల్మరా చేయించడు. పైకప్పు కారుతుంటే ప్లాస్టిక్ పట్టా కడతాడు. కొడుకును "నీకిది వద్దురా, సాఫ్ట్‌వేర్‌లో చేరు" అంటాడు. మనం బయటి నుంచి చూసి, ఈ తరం పిల్లలకు తండ్రి వ్యాపారం మీద మమకారం లేదని వాపోతాం. మమకారం సంగతి తర్వాత, ముందు ఆ కాగితం చూడండి.

ఇక ఆబిడ్స్ ఆదివారం. ఇక్కడ పుస్తకాల పిచ్చివాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు, మెట్ల మీద, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కింద ప్లాస్టిక్ పట్టా. ముందు వరసలో జనం తొందరగా కొనేవి, పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు. వెనక్కి వెళ్ళేకొద్దీ దుమ్ము పెరుగుతుంది, మంచి పుస్తకాలూ పెరుగుతాయి. తెలుగు పుస్తకాలు సాధారణంగా గోడ పక్కన, వెన్నులు పైకి పెట్టి ఉంటాయి. వంగి, మెడ వంచి చదవాలి. అట్ట మీద ఏదో గ్రంథాలయం ముద్ర, లోపల ఎవరో ఎవరికో పెళ్ళి కానుకగా రాసి ఇచ్చిన సంతకం. ఇవి పాత కాగితాల దుకాణాల నుంచి, ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర నుంచి కిలోల లెక్కన వస్తాయి. అమ్మే మనిషి వాటిని వేరుచేసి, చిరిగిన అట్టలు అంటించి, ఏది ఎవరికి కావాలో గుర్తుపెట్టుకుని తెస్తాడు. "మీరడిగింది రాలేదు సార్, వచ్చే వారం చూద్దాం" అంటాడు. ఆ మనిషికి అక్కడ మల్గీ లేదు, బోర్డు లేదు, కనీసం పదకొండు నెలల కాగితమైనా లేదు.

మరి ఆ బజారు దశాబ్దాలుగా ఎలా నిలిచింది? ఆలోచించారా? వారం సెలవు వల్ల. దుకాణాలు వారానికి ఒక రోజు మూయాలన్నది దుకాణాల చట్టం పెట్టిన నియమం. పనివాళ్ళకు విశ్రాంతి ఇవ్వడానికి పెట్టారు. ఆబిడ్స్ దుకాణాలు ఆదివారం మూసేవి. షట్టరు దిగితే మెట్టు ఖాళీ. ఆ ఖాళీ మెట్టు మీదకు పుస్తకాలు వచ్చాయి. పుస్తకాల బజారు పెడదామని ఏ అధికారీ అనుకోలేదు, ఏ పథకంలోనూ రాయలేదు. ఒక నియమం ఆరు రోజుల వ్యాపారానికీ ఒక రోజు వ్యాపారానికీ ఒకే మెట్టును పంచి ఇచ్చింది.

ఇప్పుడు ఏం జరుగుతోంది? దుకాణాలు ఆదివారం కూడా తెరుస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం రోజుకు 24 గంటలూ తెరుచుకోవచ్చని అనుమతి ఇచ్చింది, ఫీజు కట్టి, కొన్ని షరతులకు లోబడి. సులభంగా వ్యాపారం చేసుకోవడానికి అన్నారు. ఎవరికి సులభం? షట్టరు తెరిచినవాడికి సులభం. షట్టరు ముందు కూర్చున్నవాడికి? ఒక్కొక్క షట్టరు లేచినప్పుడల్లా ఒక పట్టా మడతపెట్టుకుని పక్కకు జరుగుతుంది. ఎవరూ వెళ్ళగొట్టలేదు. పోలీసు రాలేదు, లాఠీ లేదు, పత్రికలో వార్త లేదు. అలా జరుగుతూ జరుగుతూ ఎక్కడికి జరుగుతుంది?

ఢిల్లీ దరియాగంజ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడా ఆదివారం పుస్తకాల బజారే, మనకంటే పెద్దది. ట్రాఫిక్‌కు అడ్డమని 2019లో హైకోర్టు ఉత్తర్వుతో రోడ్డు మీద నుంచి తీసేశారు. అమ్మేవాళ్ళు వదలలేదు, తిరిగారు, అడిగారు. చివరికి దగ్గరలోని మహిళా హాట్ ఆవరణలో చోటు ఇచ్చారు. పుస్తకాలు మిగిలాయి, అంతవరకు సంతోషం. కానీ అంతకుముందు దారిన పోయే మనిషి కాలికి పుస్తకం తగిలేది. ఇప్పుడు పుస్తకం కోసమని బయలుదేరిన మనిషే అక్కడికి వెళ్తాడు.

మరి చట్టంలో దారి లేదా? ఉంది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని చివర రెండో షెడ్యూలులో ఒక వాక్యం ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. ఏ సహజ మార్కెట్‌లోనైనా, అంటే అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎప్పటి నుంచో వాళ్ళంతట వాళ్ళు చేరే చోట, వీధి వ్యాపారులు యాభై ఏళ్ళకు పైగా వ్యాపారం చేస్తూ ఉంటే దాన్ని వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను వేరే చోటికి తరలించకూడదు. తరలించకూడదు అని స్పష్టంగా ఉంది. అదే చట్టం ప్రకారం, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, వాళ్ళలో మూడో వంతు మహిళలు ఉండాలి. యాభై ఏళ్ళని రుజువు చేయడం ఎలా? పాత ఫొటోలు, పత్రికల కత్తిరింపులు, పుస్తకం లోపలి పేజీలో "ఆబిడ్స్, ఆదివారం" అని తేదీతో రాసుకున్న అలవాటు. అలా రాసుకునే అలవాటు ఈ హాల్లో ఎంతమందికి ఉంది? చూశారా, రుజువులన్నీ ఇక్కడే కూర్చున్నాయి.

ఫుట్‌పాత్ మీద కూర్చున్నవాళ్ళకు కాగితం మీదైనా ఇంత ఉంది. షట్టరు వెనక అద్దెకు ఉన్న చిన్న దుకాణానికి ఇది కూడా లేదు. అతన్ని చట్టం వ్యాపారి అంటుంది, పన్ను అడుగుతుంది, అక్కడితో ఆగిపోతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, ఏడో నిజాం రెండో కొడుకు పేరు. 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచినప్పుడు అందరం వెళ్ళి దీపాలు చూశాం, ఫొటోలు తీసుకున్నాం. రాయి కడిగారు, గడియారం బాగుచేశారు, బోర్డులన్నీ ఒకే తీరుగా చేశారు. మంచి పని. కానీ నేను చూసింది వేరే. బాగుచేశాక కూడా అక్కడ ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ళు అవే కుటుంబాలవాళ్ళు. ఇంత ఖరీదైన చోట, ఇంత అందంగా తయారైన చోట, పాత దుకాణాలు ఎలా మిగిలాయి? ఎందుకంటే ఆ మల్గీల యజమాని నగరపాలక సంస్థ. అద్దె పెంచవచ్చు, నోటీసులివ్వవచ్చు, గొడవలు ఉండవచ్చు, కానీ రేపు పొద్దున ఎక్కువ అద్దె ఇచ్చేవాడు వచ్చాడని తాళం వేయడానికి అదంత సులువు కాదు. ఫైలు కదలాలి. మన ఫైళ్ళ వేగం వల్ల జరిగిన మంచి ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

ఆ మార్కెట్ పక్కనే కరాచీ బేకరీ. దేశ విభజన తర్వాత వచ్చిన సింధీ కుటుంబం 1953లో పెట్టింది. పోయిన ఊరి పేరు పెట్టుకున్నారు, అది ఈ ఊరి గుర్తయింది. ఎవరైనా చుట్టాలు వస్తే వెళ్ళేటప్పుడు ఏం కట్టిస్తాం? అప్పుడప్పుడు ఆ పేరు మీద కొందరు గొడవ చేస్తారు. ఆ గొడవ చేసేవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఆ బిస్కెట్ల డబ్బా ఖాళీ అయ్యాక అందులో సూదీ దారం పెట్టుకుని ఉంటారు, నాకు సందేహం లేదు.

మెట్రో గురించి అడుగుతారని తెలుసు. సుల్తాన్ బజార్ వ్యాపారులు మెట్రో వద్దని ఏళ్ళ తరబడి పోరాడారు. దారి మార్చమన్నారు, భూమి లోపలి నుంచి వేయమన్నారు. చివరికి 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా రైలు నడిచింది, మనకూ ఒక స్టేషను వచ్చింది. నేనూ ఎక్కుతున్నాను, హాయిగా ఉంది. బేగంపేట నుంచి, ఉప్పల్ నుంచి ఆడవాళ్ళు రైలు దిగి మ్యాచింగ్ కోసం వస్తున్నారు. అందుకని మెట్రో చంపేసిందని నేను అనను. కానీ అప్పుడు జరిగిన చర్చలో ఒక లోపం ఉంది. ఎన్ని గజాల స్థలం పోతుంది, గజానికి ఎంత ఇస్తారు అనే దాని మీదే మాటలన్నీ నడిచాయి. స్థలానికి లెక్క కట్టడం వచ్చు మనకు. ఒక రంగును చూసి పేరు చెప్పే కంటికి, చీర పట్టుకుని వీధిలోకి వెళ్ళిన మనిషి తిరిగి వస్తుందన్న నమ్మకానికి గజం ఎంత? మెట్రో రైలు వంతెన కింద ఉన్న ఒక దుకాణం ఆయన నాతో చెప్పిన సంగతి ఇది. ఇప్పుడు బయటకు వెళ్ళి చూడమంటే సరిపోదట, స్తంభం దాటి ఎండ పడే చోటిదాకా వెళ్ళమని చెప్పాలట. మట్టి పరీక్షలు, ధ్వని పరీక్షలు చేసినవాళ్ళకు ఈ పరీక్ష తోచలేదు.

ఇంతసేపూ పొగిడాను కదా, కొంచెం తిట్టనివ్వండి. మన బజార్లు దేవాలయాలు కావు. ఆ వరసలో అమ్మగారు ఇందాకటి నుంచి ఏదో అనాలని చూస్తున్నారు. చెప్పండమ్మా. ... విన్నారా? "రోజంతా తిరిగితే ఒక్క మరుగుదొడ్డి లేదు" అంటున్నారు. నూటికి నూరు పాళ్ళు నిజం. ఆడవాళ్ళ కొనుగోళ్ళ మీద నడిచే బజారులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేకపోవడం సిగ్గుచేటు. మాల్‌కు ఎందుకు వెళ్తున్నారు అంటే ఏసీ కోసం అంటాం. ఏసీ కోసం కాదు. ఇంకా ఉంది. బిల్లు ఇవ్వరు. గుమాస్తాను పన్నెండు గంటలు నిలబెడతారు, ఒక స్టూలు వేయరు. కొన్ని వీధుల్లో ఫలానా కులం వాళ్ళకు, ఫలానా మతం వాళ్ళకు మల్గీ ఇవ్వరు, పైకి చెప్పరు. పాతది కాబట్టి పవిత్రం అనే వాదన నాకు నచ్చదు. ఈ తప్పులన్నీ దుకాణం ఉంటేనే దిద్దగలం. తీసేసి షోరూము పెడితే మరుగుదొడ్డి వస్తుంది, ఆ ఎనిమిది అడుగుల జాగాలో మొదలుపెట్టి పైకి వచ్చే మనిషికి చోటు పోతుంది.

బయటి దేశాల్లో ఏం చేశారని అడగండి. రెండే చెబుతాను, టైము అయిపోతోందని అధ్యక్షులు వాచీ చూస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2015లో ఓటింగు పెట్టి ఒక పథకం తెచ్చారు. ముప్పై ఏళ్ళు దాటిన వ్యాపారాలను నమోదు చేస్తారు. వాళ్ళకు కొంత సాయం ఇస్తారు. నాకు నచ్చింది రెండో భాగం. ఆ దుకాణానికి పదేళ్ళకు తగ్గకుండా అద్దె ఒప్పందం రాసిచ్చిన ఇంటి యజమానికి కూడా డబ్బు ఇస్తారు. యజమానిని శత్రువుగా చూడలేదు, పదేళ్ళ భరోసాను ఆయన దగ్గర కొన్నారు. పారిస్‌లో ఇంకో మార్గం. 2004 నుంచి నగరానికి చెందిన ఒక సంస్థ కింది అంతస్తు గదులను కొని చిన్న వ్యాపారాలకు అద్దెకిస్తూ వచ్చింది. విద్యార్థులుండే లాటిన్ క్వార్టర్‌లో పుస్తకాల దుకాణాలను అలా నిలబెట్టే ప్రయత్నం చేశారు. ఇది మనకు కొత్త కాదు, మొజంజాహీ మార్కెట్ పద్ధతే.

మన దగ్గర ఇంతకంటే చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. పాత దుకాణానికి ఐదేళ్ళకో పదేళ్ళకో ఒప్పందం రాసుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గించమని అడుగుదాం. అలా రాసిచ్చిన యజమానికి ఆస్తి పన్నులో రాయితీ ఇమ్మని అడుగుదాం. ఆబిడ్స్‌కు వారసత్వ మార్కెట్ ప్రకటన అడుగుదాం. కానీ అడగడానికి వెళ్తే మొదటి ప్రశ్న ఏమిటి? "ఎన్ని దుకాణాలు ఉన్నాయి, ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయి?" మన దగ్గర జాబితా లేదు. చార్మినార్‌కు ఎన్ని రాళ్ళున్నాయో చెప్పగలం, సుల్తాన్ బజార్‌లో ఎన్ని మ్యాచింగ్ సెంటర్లున్నాయో చెప్పలేం.

అందుకని బయట గుమ్మం దగ్గర బల్ల మీద కొన్ని కాగితాలు పెట్టాం. ఒక్కొక్కరు ఒక్కొక్క గల్లీ తీసుకోండి. ఐదు గడులున్నాయి. దుకాణం ఏమి అమ్ముతుంది, ఏ సంవత్సరం నుంచి, మల్గీ సొంతమా అద్దెకా, ఒప్పందం ఎంత కాలానికి, తర్వాత ఎవరు చూసుకుంటారు. అద్దె ఎంతని అడగకండి, చెప్పరు, పైగా మీరు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళనుకుంటారు. పొద్దున బోణీ వేళకు వెళ్ళకండి. సాయంత్రం అసలే వద్దు. భోజనాలయ్యాక, రెండు నుంచి నాలుగు లోపల గిరాకీ పలచగా ఉంటుంది, అప్పుడైతే కూర్చోబెట్టి చాయ్ చెప్పించి మరీ మాట్లాడతారు. బడీ చౌడీ, పుత్లీబౌలి వైపు ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. మరాఠీ వచ్చినవాళ్ళు ఉంటే చేయెత్తండి, హనుమాన్ టేక్డీ మీకు ఇస్తాం.

ప్రశ్నలు ఉంటే అడగండి. మెట్రో గురించి రెండుకు మించి వద్దు.